వాడకట్టంతటికీ ఒకటే మెయిల్

దరఖాస్తు ఏదైనా కానీ, దాంట్లో మెయిల్ ఐడీ అని ఒక గడి ఉంటుంది. సిరిసిల్లలో మా వాడకట్టు వాళ్ళు ఆ గడి దాకా వచ్చి పెన్ను ఆపేస్తారు. అక్కడ అక్కది రాయమంటారు. అక్క అంటే నేను. గ్యాస్ కనెక్షన్, నర్సింగ్ సీటు, దుబాయ్ వీసా, బీడీల పింఛను, పిల్లల స్కాలర్‌షిప్, అన్నిటి కిందా పదకొండేళ్ళుగా నా మెయిలే ఉంది. గొప్ప కోసం చెప్పడం లేదు. నా తెలివితక్కువతనం ఎక్కడ మొదలైందో చెబుతున్నాను.

కోరుట్ల నుంచి కోడలిగా వచ్చినప్పుడు నా చేతిలో ఉన్న విద్య కంప్యూటర్ కోర్సు ఒక్కటే. మా ఆయన అప్పట్లో సాంచాల మీద పనిచేసేవాడు. సాంచా అంటే మరమగ్గమే. మా ఊళ్ళో మరమగ్గం అన్న మాట పేపర్లో తప్ప వినబడదు. ముందుగదిలో ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్ పెట్టి, జిరాక్స్, ఆన్‌లైన్ అని బోర్డు రాయించాను. మొదటి గిరాకీ ఎదురింటి అత్త. మా ఆయనకు వరసకు మేనత్త. బీడీలు చుట్టి బిడ్డను చదివించుకుంటున్న మనిషి. ఫారంలో మెయిల్ గడి వచ్చింది. ఆమెకు ఒకటి తెరిచి ఇద్దామంటే, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ కొడుకు కార్ఖానాకు పట్టుకుపోయాడు, ఓటీపీ చెప్పే దిక్కు లేదు. ఈ ఒక్కసారికే కదా అని నాది రాసేశాను. మొహమాటం, అంతే.

తర్వాత బుద్ధి తెచ్చుకుని కొందరికి విడిగా మెయిళ్ళు తెరిచాను కూడా. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి చేతికిచ్చేదాన్ని. వాళ్ళు ఆ కాగితాన్ని గోడ మీది క్యాలెండర్ వెనక దోపేవాళ్ళు. కొత్త సంవత్సరానికి క్యాలెండర్ మారేది, కాగితం పాత క్యాలెండర్‌తో పాటు పొయ్యిలోకి పోయేది, మనిషి మళ్ళీ నా దగ్గరికి వచ్చేది. విసిగిపోయి తెరవడం మానేశాను. రోట్లో తలపెట్టి రోకటిపోటుకు భయపడితే ఎట్లా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఓటీపీకి పది నిమిషాల ఆయుష్షు. నా దినమంతా ఆ పది నిమిషాల ముక్కలుగా తెగిపోయింది. స్నానానికి పోతే తలుపు కొడతారు. కోరుట్లలో తమ్ముడి పెళ్ళికి పోతే, తలంబ్రాలు పోసే వేళకు నేను ఫంక్షన్ హాల్ బయట నిలబడి ఎవరిదో ఆరంకెల నంబరు ఫోన్‌లో చదువుతున్నాను. తిరిగి వచ్చేటప్పుడు రుద్రంగి దాటాక కొంతదూరం సిగ్నల్ ఉండదు. ఆ కాసేపు కళ్ళు మూసుకుని సీటుకు వాలేదాన్ని, ఆ వెంటనే ఎవరి గడువు దాటిపోతోందో అని లేచి కూర్చునేదాన్ని. ఒకరోజు కోపంతో ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూతేశాను. అరగంటకు ఇంటి ముందు ఆరుగురు నిలబడ్డారు, నాకేమైందోనని. వాళ్ళ ముఖాలు చూసి సిగ్గేసింది. సిగ్గుపడాల్సి వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

ఇన్ని బతుకుల కాగితాలు ఒకే మెయిల్‌లో కలిసిపోతే చచ్చిపోతానని మొదటి ఏడాదే ఫోల్డర్లు చేసుకున్నాను. వాటికి పేర్లు నా నోటికి వచ్చినట్టే పెట్టుకున్నాను. 'ఎదురింటి అత్త'. 'సాంచాల మామ'. 'రుద్రంగి వదిన'. 'బీర్పూర్ అల్లుడు పాస్‌పోర్ట్'. 'దుబాయ్ పోతడట'. 'లొల్లి చేసేటాయన'. చివరిది ఆయన నా పక్కన కూర్చుని ఉండగా తెరవాల్సి వచ్చిన రోజు చటుక్కున స్క్రీన్ తిప్పేశాను. వందకు పైగా ఉండేవి. ఏది ఎవరిదో నాకు తప్ప దేవుడికి కూడా తెలియదు. నన్ను కట్టేసే గొలుసుకు నేనే కొలుకులు వేసుకుంటూ కూర్చున్నానని అప్పుడు తట్టలేదు.

పోయినేడు జగిత్యాలలో ఒక ఆఫీసు రికార్డు గదికి ఆపరేటర్లు కావాలని ప్రకటన పడింది. పరీక్ష రాశాను, టైపింగ్ పరీక్షకు కూడా పిలిచారు. ఆ గది చూశాను. ఒక బల్ల, ఒక బీరువా, గోడకు ఒక గడియారం. అప్పటికి ఆ బల్ల దగ్గర పనిచేస్తున్నామె సాయంత్రం కాగానే బీరువాకు తాళం వేసి, తాళంచెవి పైఆఫీసరుకు అప్పజెప్పి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. ఆ దృశ్యం నా కళ్ళలో ఉండిపోయింది. నాకు ఆ ఉద్యోగం కావాలి అనుకున్నాను. జీవితంలో ఒక వస్తువును అంత నోరు తెరిచి కోరుకోవడం నాకదే మొదలు.

మా ఆయన కూడా సరేనన్నాడు. సాంచాల చప్పుడుకు చెవులు పాడై, మూడేళ్ళుగా ఆటో నడుపుతున్నాడు. ఆటో జగిత్యాలలో తిరిగినా అవే మూడు చక్రాలు కదా అన్నాడు. ఎంపికైన వాళ్ళకు పదిహేను రోజుల్లో మెయిల్ పంపుతాం, ఆ మెయిల్‌లో చెప్పిన రోజు అసలు సర్టిఫికెట్లు పట్టుకుని రావాలి, రాకపోతే జాబితాలో తర్వాతి వాళ్ళను తీసుకుంటాం అని ఆఫీసు వాళ్ళు చెప్పారు. ఆ దరఖాస్తులో నేను రాసిన మెయిల్ ఏదో చెప్పనక్కర్లేదు. నాకున్నదే అదొక్కటి.

పోవాలంటే ముందు ఈ మెయిల్‌ను ఎవరికైనా అప్పజెప్పాలి. మసీదు సందులో జిరాక్స్ నడిపే ఆపా ఉంది. ఉర్దూలో ఆపా అంటే అక్క. నాకంటే పెద్దది, లెక్క ప్రకారం నాకు పోటీ, నిజానికి ఈ ఊళ్ళో నా బాధ తెలిసిన ఒకే మనిషి. ఆమె దగ్గరికి పోయి సంగతి చెప్పాను. ఆమె నా ఫోల్డర్లు కిందికీ మీదికీ జరిపి చూసి నవ్వింది.

"నీ అత్తలు నాకు అత్తలు కారు గద చెల్లె. గీ పేర్లతోని నాకేం ఎర్క? ఆధార్ల ఏం పేరుంటే గదే పెట్టు, అప్పుడు దీస్కుంట."

మాట న్యాయంగానే ఉంది. కానీ వందకు పైగా ఫోల్డర్లు ఒక్కొక్కటి తెరిచి, కాగితం వెతికి, పేరు మార్చాలంటే నెల పడుతుంది. నా దగ్గర ఉన్నది పదిహేను రోజులు. అప్పటికి కొన్ని నెలలుగా మెయిల్ పక్కన ఏఐ అసిస్టెంట్ అని ఒక చిన్న కిటికీ కనబడుతోంది. ఒకటి రెండు ఉత్తరాలు రాయించి చూశాను, తెలుగు బాగానే అర్థం చేసుకుంటోంది. ఒక మధ్యాహ్నం అన్నం తినకుండా కూర్చుని దానికి చెప్పాను. ప్రతి ఫోల్డర్‌లోని కాగితాలు చదివి, ఆ మనిషి ఆధార్ పేరు, ఇంటిపేరు ఫోల్డర్‌కు పెట్టు అని.

అది ఎంత మర్యాదగా అడిగిందో. ముందు ఒక జాబితా చూపించనా అంది. చూపించమన్నాను. ఎడమ పక్క నా పేర్లు, కుడి పక్క కాగితాల పేర్లు. 'ఎదురింటి అత్త' ఎదురుగా ఒక నిండు పేరు ఉంది. పదకొండేళ్ళుగా ఆ పేరును నేనే టైపు చేస్తున్నాను, కానీ ఎవరి నోటా వినలేదు. వాళ్ళ బిడ్డ కూడా ఆ పేరు పలికి ఉండదు. 'లొల్లి చేసేటాయన' పేరులో శాంతి అన్న మాట ఉందని ఆ రోజే గమనించి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇరవై వరుసలు చదివాను. అప్పుడే తలుపు దగ్గర ఎవరో ఓటీపీ అన్నారు. లేచి పోయి వచ్చాను. మిగతావి చదవలేదు.

తర్వాత అది ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది. ఏ ఫోల్డర్‌లోనూ లేని మెయిళ్ళను, ఇకముందు వచ్చేవాటిని కూడా, వాటిలో ఉన్న పేరును బట్టి సర్దనా అంది. సరే అన్నాను. ఊరు విడిచి పోయిన వాళ్ళవి ఫోన్‌లో చప్పుడు చేయకుండా ఆపనా అంది. దానికి మనసారా సరే అన్నాను. మా వాడ నుంచి ఎన్ని కుటుంబాలు సాంచాల పనికి భివండి పోలేదు, వాళ్ళ గ్యాస్ మెయిళ్ళు ఇంకా నన్నే పీక్కుతింటున్నాయి.

నిమిషాల్లో అయిపోయింది. ఇన్‌బాక్స్ తెరిస్తే తెల్లగా, ఊడ్చిన వాకిలిలా ఉంది. పదకొండేళ్ళలో ఎప్పుడూ అట్లా లేదు. కుర్చీకి వాలి చాలాసేపు దాన్నే చూశాను. అప్పటికే పోయినట్టు, జగిత్యాలలో ఆ బీరువాకు తాళం వేస్తున్నట్టు అనిపించింది.

ఆపాకు పాస్‌వర్డ్ ఇచ్చి, మర్నాటి నుంచి వచ్చిన వాళ్ళను ఆమె దగ్గరికి పంపడం మొదలుపెట్టాను. అసలు చిక్కు అక్కడ బయటపడింది. ఆపా పేరు అడుగుతుంది. మా వాళ్ళు పేరు చెప్పరు. మా వాడలో ఆడవాళ్ళు ఎవరైనా ఫలానా వాళ్ళ అమ్మ, ఫలానా వాళ్ళ కోడలు. సాంచాల మామ తన పేరుగా చెప్పింది ఆధార్‌లో లేదు, ఆధార్‌లో ఉన్నది ఆయనకు గుర్తులేదు. ఎదురింటి అత్తను పేరేమిటని అడిగితే, అది ఆధార్‌లో ఉంటుంది సూడరాదా అందట. ఆపా ఆధార్ అడిగితే, అది మా కోరుట్ల కోడలి దగ్గరే, మెయిల్‌లోనే ఉంది అందట. అందరూ తిరిగి నా గుమ్మం దగ్గరికే వచ్చారు. ఆపా ఫోన్ చేసి ఫలానా పేరు ఎవరిది అని అడుగుతుంది, నాకు కూడా తెలియదు. నా పేర్లన్నీ నేనే చెరిపేసుకున్నాను. ఆ కిటికీ చూపించిన జాబితా ఇంకా అక్కడే ఉందన్న సంగతే తట్టక, ఒక పుస్తకం పెట్టి ఎడమ పక్క అత్తలు, మామలు, కుడి పక్క ఆధార్ పేర్లు మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. కుడితిలో పడ్డ ఎలుక ఎంత కొట్టుకుంటే అంత మునుగుతుంది.

ఇంత గోలలోనూ రోజూ పొద్దున్నే ఇన్‌బాక్స్ తెరిచి చూసేదాన్ని. తెల్లగా ఉండేది. పది రోజులు. పదిహేను. ఇరవై. ఆఫీసుకు ఫోన్ చేయరాదా అన్నాడు మా ఆయన. చేయలేదు. అడుక్కున్నట్టు ఉంటుందని పొగరు. వాళ్ళు నన్ను వద్దనుకున్నారని తేల్చుకుని, రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. వచ్చిన వాళ్ళ జిరాక్స్‌లు వంకరగా తీసిచ్చాను.

ఇరవై మూడో రోజు భివండి నుంచి ఒకామె ఫోన్ చేసింది. బ్యాంకు వాళ్ళు ఏదో కాగితం అడుగుతున్నారట, మెయిల్‌కు వచ్చిందేమో చూడమంది. ఆమెదీ నాదీ ఒకటే పేరు. మా వైపు ఎల్లమ్మ తల్లి పేరు పెట్టుకున్న ఆడవాళ్ళు గల్లీకి నలుగురుంటారు, ఇంటిపేరు కూడా సగం వాడకు ఒకటే. ఇన్నేళ్ళు ఆమె నా మెయిల్‌లో 'భివండి చెల్లె'. ఇప్పుడు ఫోల్డర్ మీద నా పేరు, మా ఇంటిపేరు ఉన్నాయి. ఊరు విడిచిన వాళ్ళది కాబట్టి దానికి ఫోన్‌లో చప్పుడు కూడా లేదు. తెరిచాను. అన్నిటికంటే పైన, ఎవరూ చదవని మెయిల్ ఒకటి లావు అక్షరాలతో ఉంది. జగిత్యాల నుంచి. నన్ను ఎంపిక చేశారు. సర్టిఫికెట్లతో రమ్మన్న రోజు దాటి నాలుగు రోజులైంది.

ఫోన్‌లో ఆమె దొరికిందా అక్కా అని అడుగుతూనే ఉంది. దొరికింది అన్నాను. ఆమె బ్యాంకు కాగితం కూడా దాని కిందే ఉంది, పంపించాను.

తర్వాత ఆ కిటికీలో కోపంగా టైపు చేశాను, నా మెయిల్ అక్కడ ఎందుకు పెట్టావని. అది నా మీద కోపం తెచ్చుకోలేదు. ఆ పేరు, ఇంటిపేరు రెండూ కలిసిన ఫోల్డర్ అదొక్కటేనని, నా సొంత మెయిళ్ళకు ఫోల్డర్ ఏదీ లేదని, నేను ఒప్పుకున్న జాబితాలో ఆ పేరు ఉందని చెప్పింది. పైకి జరిపి చూస్తే నిజమే, నేను చదవని వరుసల్లో ఉంది. మీకోసం ఒక ఫోల్డర్ తయారు చేయనా అని అడిగింది. ఆ కిటికీ మూసేశాను. తిట్టడానికి ఎవరూ దొరక్కపోవడం ఎంత నరకమో ఆ రోజు తెలిసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మర్నాడు సర్టిఫికెట్ల సంచితో జగిత్యాల పోయాను. మా ఆయన వస్తానంటే వద్దన్నాను. కౌంటర్‌లో ఉన్నతను మంచివాడే. పేరు చూసి, తర్వాతి ఆమె నిన్ననే చేరిందని చెప్పాడు. నేను కదలలేదు.

"మెయిల్ రాలేదా మేడం?" అని అడిగాడు.

"వచ్చింది."

"మరి సూస్కోలేదా?"

ఊరందరి మెయిళ్ళు చూసే మనిషిని నేను. అతని వెనక రికార్డు గది తలుపు తెరిచే ఉంది. బల్ల దగ్గర ఒక చిన్నపిల్ల, ఇరవై మూడు ఇరవై నాలుగు ఉంటాయేమో, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని టైపు చేస్తోంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. కోరుట్లలో బస్సు మారేటప్పుడు అమ్మ ఇంటికి పోదామా అనుకున్నాను. పోతే ఏడుస్తాను, ఏడుస్తుంటే ఫోన్ మోగుతుంది. పోలేదు. రుద్రంగి దాటాక సిగ్నల్ పోయింది, వేములవాడ వచ్చేసరికి తిరిగి వచ్చింది, ఒకేసారి తొమ్మిది ఓటీపీలు పడ్డాయి. అన్నీ అప్పటికే చచ్చిపోయినవి.

ఇల్లు చేరేసరికి నాలుగైంది. మా ఆయన ఎవరికో చెప్పినట్టున్నాడు, సంగతి వాడంతా తెలిసిపోయింది. ప్రింటర్ మీద బట్ట కప్పి, దాని ముందే కూర్చున్నాను. ఎదురింటి అత్త వేడివేడి సర్వపిండి పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. నా పక్కన స్టూల్ మీద కూర్చుని, తంబాకు వాసన వచ్చే చేత్తో నా తల నిమిరింది. అమ్మ దగ్గర ఆపుకున్న ఏడుపు ఆ చేతి కింద వచ్చింది. ఇన్నేళ్ళలో నేను ఆమె ముందు ఏడవలేదు. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది, సర్వపిండి ముక్క తుంచి నా నోట్లో పెట్టింది. ఉప్పు ఎక్కువైంది అంది తనే.

అప్పుడు మెల్లగా, దాచుకున్న మంచిమాట చెబుతున్నట్టు చెప్పింది.

"ఏడ్వకు బిడ్డా. నువ్వు పోతవని తెల్సిన దినమే ఎములాడ రాజన్నకు మొక్కిన. మా కోడలు మమ్ముల ఇడిసి పోవద్దు, కోడెను కడుత అని. దేవుడు ఇన్నడు."

నా నోట్లో ముక్క అట్లాగే ఉండిపోయింది. ఆమె వైపు తిరిగి చూశాను. ఆమె ముఖంలో కపటం లేదు, జాలి లేదు. బిడ్డ నర్సింగ్ సీటు, తన పింఛను, కొడుకు పాస్‌పోర్ట్, అన్నీ దక్కినంత సంతోషం ఉంది. ఆ సంతోషంలో నా మీద ప్రేమ కూడా ఉంది, అది అబద్ధం కాదు. అరవాలనిపించింది. నా బతుకు మీద మొక్కడానికి నువ్వెవరని అడగాలనిపించింది. అడిగితే ఆమెకు అర్థం కాదు. ఆమె చేయి ఇంకా నా తల మీదే ఉంది, దాన్ని తీసేసే ధైర్యం నాకు లేదు.

మొక్కు తీర్చడం ఆలస్యం చేయకూడదని, సోమవారం పోదామని, కోడె టికెట్లు ఫోన్‌లోనే తీస్తారట కదా, ఒకసారి చూడమని అడిగింది. ప్రింటర్ మీది బట్ట తీశాను. ఎవరి పేరు మీద తీయాలత్తా అని అడిగాను.

"నీ పేరు మీదనే మొక్కిన బిడ్డా. కోడె తాడు నువ్వే పట్టాలె. గుడి సుట్టు తిప్పి, నీ చేత్తోనే కట్టెయ్యాలె."

సోమవారానికి ఇద్దరికి టికెట్లు తీశాను.